కానుక పెట్టిన పిల్లగాడు

సెప్టెంబర్ 8, సోమవారం

పిల్లలు అన్నం దిని పండుకున్నరు. అంగన్‌వాడిల గీ గంట సేపే నాకు నిమ్మళం. ఈ డైరీ సీడు కంపెనీ వాళ్ళు జనవరిల మా ఆయన మల్లన్నకు ఇచ్చిండ్రు. కూలోళ్ళను కూడగట్టి పత్తి చేన్లకు తోల్కపోయే మేస్త్రి. ఆయనకు సంతకం దప్ప రాసుడు రాదు. గందుకె నేను తెచ్చుకున్న. ముందటి కాయిదాలన్ని ఉత్తగనే పోయినయి. పోనీ.

ఎందుకు రాస్తున్ననంటె, ఈ సంగతి ఎవలికి జెప్పినా లొల్లే అయితది. నా నోట్లె నువ్వు గింజ నానదంటడు మా ఆయన. దీంట్ల రాస్తె నానుతదేమో చూద్దాం.

నిన్న ఆరాధన అయినంక శ్రవణ్ కుమార్ అయ్యగారు నన్ను పక్కకు పిలిచిండు. మా గుడికొచ్చి రెండేండ్లయితుంది, పడుచు పాస్టరు. వనపర్తి అవతల బైబిల్ స్కూల్ల మా కొడుకు అరుణ్‌కు సీటు దొరికిందట. నవంబర్ మూడు తారీకు పోవాలె, మూడేండ్లు ఆడనే ఉండి సదువుకోవాలె. "స్వరూపక్కా, కొడుకును దేవుని సేవకు ఇస్తనన్న నీ మొక్కు తీరుతుంది" అన్నడు. నేను గుడి మెట్ల మీదనే కూసోని ఏడ్సిన. సంతోషానికి.

ఇంటికొచ్చి అరుణ్‌కు జెప్పిన. చేన్ల నుంచి అప్పుడే వచ్చిండు, చేతులు కడుక్కుంటున్నడు. వేళ్ళకు పుప్పొడి పచ్చగ అంటుకోని ఉంది. "సరే" అన్నడు. గంతే.

సరే అన్నడంటె ఇష్టమే గద.

సెప్టెంబర్ 9

ఇష్టమే. వాడు సిగ్గువడ్తడు, చిన్నప్పటి సంది గంతే.

సెప్టెంబర్ 14, ఆదివారం

ఇయ్యాల గుడిల కూసుంటె ఏట్ల మునిగిన మా పాత ఊరు యాదికొచ్చింది. పాత గుడి రాతి గోడల గుడి. గంట కొనే తాకత్ లేక రైలు పట్టా ముక్క ఏలాడగట్టి సుత్తెతోటి కొడుతుండె. ఆ సప్పుడు తుంగభద్ర అవతలి ఒడ్డుకు ఇనబడేదని మా అమ్మ అంటుండె. ఇప్పుడు కొత్త కాలనీల కొత్త గుడి, కింద టైల్సు, మైకు, అన్ని ఉన్నయి. నా కాళ్ళకు మాత్రం ఆ పాత గుడి బండలే ఎరుక.

అరుణ్‌కు మూడేండ్లున్నప్పుడు గంప బోర్లేసి దాని మీద నిలవడి వాక్యం జెప్తుండె. భుజం మీద తువ్వాల. మా పాత అయ్యగారు నడుమ నడుమ దగ్గుతుండె గద, వీడు గూడ దగ్గుతుండె. ఇనెటోళ్ళు మా రెండు మేకలు. పాత అయ్యగారు ఒకసారి గోడ ఎనుక నిలవడి ఇని, కడుపు పట్టుకోని నవ్విండు. "ఓ స్వరూపా, నా కొలువుకు ఎసరు పెడ్తుండు నీ కొడుకు" అన్నడు.

ఎవలు నేర్పిండ్రు వానికి? దేవుడే. దేవుడు అడిగిండు, నేను ఇచ్చిన. దాంట్ల నాదేముంది.

సెప్టెంబర్ 20

మా ఆయనతోటి కొట్లాట అయింది. చాయ్ గిలాస పక్కకు జరిపి, "వానికి పోవాలని లేదే" అన్నడు.

"నీకు జెప్పిండా?"

"జెప్పుడెందుకు? వాగు పక్కన రెండెకరాలు గుత్తకు పట్టి సొంతంగ సీడు పత్తి ఏస్తనని పోయిన యేడు సంది తిరుగుతున్నడు గద. నా తాత, నా నాయిన, నేను, అందరం ఇంకొకరి చేన్ల పూలు గిల్లి బతికినం. వాడు తన పూలు తాను గిల్లుకుంటనంటున్నడు. తప్పేంది?"

"దేవునికి ఇచ్చిన పిల్లగాడయ్యా వాడు."

"నువ్వు ఇచ్చినవ్. జొన్నల సంచి పెట్టి వేలం పాటల నేను ఇడిపిచ్చుకున్న. ఊరంత చూసింది. ఇంకేం బాకి?"

మల్ల ఆ పాట తీసిండు! గుడిల నవ్వులాటకు పెట్టిన వేలం పాట అది. బాప్తిస్మం తీసుకొని ఇన్నేండ్లయినా పండుగ పండుగకే గుడికొచ్చే మనిషి, ఈయన నాకు దేవుని లెక్కలు జెప్తడు. "నువ్వొకటి తలిస్తె దేవుడొకటి తలుస్తడు, యాదుంచుకో" అని నేను గట్టిగనే అన్న.

"నాకెందుకు, నువ్వే యాదుంచుకో" అన్నడు ఆయన. మాటకు మాట. ఎన్నడు మారడు.

సెప్టెంబర్ 27

మాపటికి చేన్లకు పోయిన, వీళ్ళకు సద్ది ఇయ్యనీకి. క్రాసింగ్ నడుస్తుంది, ఇత్తనాల కోసం పువ్వుకు పువ్వు కలిపే పని. ఆడోళ్ళు వరసగ నిలవడి ఆడ చెట్ల మొగ్గలు గోటితోటి ఒలుస్తున్నరు. ఒలిచినదాని మీద ఎర్ర కాయిదం తొడుగుతరు, తెల్లారి మగ పువ్వు తెంపి దాని మీద రుద్దుతరు. అరుణ్ ఒక్కొక్క వరస చూసుకుంట వస్తున్నడు. ఒక మొగ్గ మిగిలినా వాని కంట్ల పడుతది. ఎవల్నీ కసురుకోడు. "అత్తా, గిది మర్సినవ్" అని తానే ఒలుస్తడు.

గట్టు మీద నా పక్కన కూసున్నడు. నేనే షురు జేసిన.

"ఏం బిడ్డ, మొఖం గట్ల పెట్టినవ్? దేవుని పని అంటె మన ఇష్టం సూసుకుంటమా? ఇగో, ఈ పువ్వును అడిగి క్రాసింగ్ చేస్తున్నవా నువ్వు?"

"పువ్వుకు నోరు లేదమ్మా."

"నీకుంది గద, మాట్లాడు మరి."

"నాకు నోరుందని నీకు ఇప్పుడు యాదికొచ్చిందా?"

గుస్సతోటి అనలే. మెల్లగనే అన్నడు. నాకే ఒళ్ళు మండింది. పెద్దోళ్ళతోటి గిట్ల మాట్లాడుడు ఎవలు నేర్పిండ్రు అన్న. వాడు రొట్టె తుంచి నోట్లె పెట్టుకున్నడు, నమిలి మింగినంక జెప్పిండు.

"పోత అన్న గదమ్మా. నువ్వు మొక్కినవ్, నేను పోత. నీ మాట తీసెయ్య. నవ్వుకుంట పొమ్మంటె మాత్రం నాతోటి గాదు."

సద్ది గిన్నె కడగకుండనే తెచ్చుకున్న.

అక్టోబర్ 2, గురువారం

ఇయ్యాల దసరా. పక్కింటోళ్ళు జమ్మి తెచ్చి చేతిల పెట్టి అలాయ్ బలాయ్ తీసుకున్నరు. ఊరంత సంబురంగ ఉంది. అందరి కడుపుల మాత్రం ఇంకో దినం గూడ ఉంది. పదహారేండ్ల కింద గీ దినాలల్లనే ఏరు ఊర్లెకొచ్చింది.

బడి మిద్దె మీద ఉన్నం. అరుణ్‌కు నాలుగేండ్లు. కొంగు తీసి వాన్ని నా నడుముకు కట్టుకున్న. కింద మా ఇల్లు చాయ్‌ల బిస్కెట్ లెక్క ఇరిగి కూలిపోయింది, నా కండ్ల ముంగటనే. వాడు మాత్రం "అమ్మా, మన మేకలు ఈత నేర్సుకున్నయా?" అని అడిగిండు.

ఆ యేడు కోతల పండుగ యాదికొస్తె ఇప్పటికీ నవ్వొస్తది, ఏడుపొస్తది. కోతలే లేవు, ఇంక పండుగెక్కడిది? అయినా పాత అయ్యగారు ఇడువలే. "ఉన్నోళ్ళు ఉన్నది తెండ్రి, లేనోళ్ళు మీరే రండ్రి" అన్నడు. పైకప్పు లేని గుడిల జమైనం. ఒకరు మిద్దె మీద మిగిలిన గుమ్మడికాయ తెచ్చిండ్రు. ఒకరు సాయానికి వచ్చిన దుప్పటి తెచ్చిండ్రు. మా తోటికోడలు సౌందర్య కోడిపుంజు తెచ్చి ముంగట పెట్టి, నా చేతుల దిక్కు జూసింది. ఒక్క చూపే. గా చూపు ఇప్పటికీ నాకు గుచ్చుకుంటది. పెండ్లయి వచ్చిన కాడి నుంచి నేను ఒట్టి చేతులతోటి కోతల పండుగకు పోయినదాన్ని గాదు.

సంకల అరుణ్ ఉన్నడు. తీస్కపోయి గుమ్మడికాయల నడుమ కూసోబెట్టిన. "ఇదే నా కానుక" అన్న.

అయ్యగారు జర సేపు బిత్తరపోయిండు. మా దగ్గర రివాజు ఏందంటె, బల్ల ముంగట పెట్టిన వస్తువు మల్ల ఉత్తగ తీసుకోవద్దు. వేలం పాట పాడాల్సిందే, పాడినోళ్ళు గుడికి ఇచ్చి తీసుకపోవాల్సిందే. అందరు నా దిక్కు, అయ్యగారి దిక్కు చూస్తున్నరు. ఆయన గొంతు సవరించుకోని, "పిల్లగాడు, నాలుగేండ్లోడు, దగ్గుకుంట వాక్యం జెప్తడు, ఎవలు పాడుతరు?" అన్నడు. జనం ఒక్కసారి గొల్లుమన్నరు. సాయానికి వచ్చిన జొన్నల సంచి ఉండె మాకు, ఆ సంచి నెత్తిన పెట్టుకోని మా ఆయన ముంగటికొచ్చిండు. అరుణ్ మాత్రం గుమ్మడికాయను కావలించుకోని ఇడువడు. దాన్ని గూడ వానితోటే ఇచ్చి పంపిండ్రు. బిడ్డ ఒక భుజం మీద, కాయ ఒక భుజం మీద, మా ఆయన ఊరేగుకుంట పోయిండు డేరా కాడికి.

ఇల్లు లేదు, బువ్వ లేదు, ఎంత నవ్వినమో. గసొంటి నవ్వు మల్ల నవ్వలే నేను.

మొక్కు మాత్రం మిద్దె మీదనే మొక్కిన. వీన్ని ఉంచు, నీకిస్త అని. పండుగ కాడ గాదు. మిద్దె మీదనే.

అక్టోబర్ 6

మిద్దె మీదనే మొక్కిన. ఆ వాన సప్పుడుకు పక్కనున్న మా ఆయనకు ఇనబడలే, గంతే.

అక్టోబర్ 12, ఆదివారం

ఆదివార బడిల పిల్లలకు గుడ్డి బిచ్చగాని కథ జెప్పిన. ఇరవై యేండ్ల సంది జెప్తున్న, నిద్రల లేపి అడిగినా జెప్త. బాట పక్కన గుడ్డోడు అరుస్తుంటడు. ఊరుకో అని జనం కసురుతరు. ప్రభువు ఆగుతడు, వాన్ని పిలిపిస్తడు. పిలిచి అడుగుతడు, నీకేం గావాలె అని.

గక్కడ నా నోరు ఆగిపోయింది.

గుడ్డోడు ఇంకేం అడుగుతడు? కండ్లు. సంటి పిల్లలకు గూడ తెలుస్తది. అన్ని తెలిసినాయినకు తెల్వదా? తెలిసి గూడ అడిగిండు. వాని నోటెంబడి వచ్చేదాంక ఆగిండు. పిల్లలు నా మొఖం చూస్తున్నరు, నాకు మిగిలిన కథ వస్తలేదు. పాట పాడుండ్రి అని జెప్పి బయటికొచ్చి నీళ్ళు తాగిన.

ఎండకు అయ్యుంటది.

అక్టోబర్ 18

గద్వాల పోయిన, రేణుకమ్మ అమ్మగారిని చూడనీకి. మా పాత అయ్యగారి భార్య. అయ్యగారు పోయినంక బిడ్డ కాడ ఉంటుంది. అరుణ్ పోయేముందు ఆమెతోటి ఆశీర్వాదం తీసుకోవాలని పోయిన, ఇంకేం లేదు.

నన్ను చూసి మస్తు సంబురపడ్డది. "గుమ్మడికాయ పిల్లగాడు ఎట్లున్నడు?" అని అడిగింది. పాత ఊరి ముచ్చట్లు ఎంతసేపు పెట్టినమో. రైలు పట్టా గంట, మా అమ్మ పాడే పాటలు, ఏటి ఒడ్డుకు బాప్తిస్మాలు. నవ్వి నవ్వి కండ్లు తుడుచుకున్నం. అప్పుడు జెప్పిన, మొక్కు సంగతి, సీటు సంగతి.

ఆమె నవ్వు ఆగిపోయింది. చీర అంచు సదురుకున్నది.

"మా ఆయనను గూడ మా అత్త మొక్కింది బిడ్డ. నీకు ఎరుకనా?"

"లేదమ్మగారూ."

"ఎవలికి జెప్పలే ఆయన. మగ్గం మీద పాణం ఆయనకు. గద్వాలకు ఏ పని మీదొచ్చినా, ఎవలో ఒకరింట్ల మగ్గం పక్కన పోయి కూసుంటుండె. ఆ సప్పుడు ఇనుకుంట కూసుంటుండె. నేను పోయి పిలిస్తె లేసొస్తుండె."

"సేవ ఎంత మంచిగ జేసిండు అమ్మగారూ! మా ఊర్లె ఇంటింటికి..."

"చేసిండు. నేను గాదంటనా? ఆఖరి దినాలల్ల మంచంల పడ్డంక ఒకనాడు అడిగిండు. రేణుకా, నేను ప్రభువు పిలిస్తె వచ్చిన్నా, మా అమ్మ పంపితె వచ్చిన్నా, అని."

"మీరేమన్నరు?"

"ఏమంట? గంజి తాగు అన్న."

నాకు గుస్స వచ్చింది. ఆశీర్వాదం కోసం పోతె గిదేంది? అమ్మగారు ముసలిదైంది, ఏదేదో మాట్లాడుతుంది. చాయ్ గూడ సగమే తాగి బస్టాండ్‌కు వచ్చిన.

అక్టోబర్ 19

వాళ్ళమ్మ మొక్కకపోతె గసొంటి అయ్యగారు మా ఊరికి దొరుకుతుండెనా?

అక్టోబర్ 21

మాకు దొరికిండు. ఆయనకేం దొరికింది?

అక్టోబర్ 26, ఆదివారం

గుడిల అరుణ్‌ను ముంగటికి పిలిచి ప్రార్థన చేసిండ్రు. సప్పట్లు కొట్టిండ్రు. వాడు తల వంచుకోని నిలవడ్డడు, కుక్కిన పేను లెక్క. సౌందర్య నా చెయ్యి పట్టుకోని "అదృష్టవంతురాలివక్కా" అన్నది. పదహారేండ్ల కిందటి చూపుకు ఇయ్యాల జవాబు వచ్చింది. నాకు సంతోషం కావాలె గద. అయితలేదు.

ఇంట్ల సప్పుడు లేదు. వాడు కూలోళ్ళ లెక్కలన్ని వాళ్ళ నాయినకు అప్పజెప్పిండు. పెట్టె సదిరిండు. వాగు పక్క చేను ఆయనకు పోయి, ఇంకెవలికన్న ఇచ్చుకోమని జెప్పొచ్చిండట. ఏం పెట్టినా తింటున్నడు, ఏం జెప్పినా చేస్తున్నడు. పోట్లాడితె బాగుండు. గీ వినయం నాతోటి అయితలేదు దేవా.

ప్రభువా, వాని మనసు మార్చు అని ఎన్ని తీర్ల అడిగిన? నువ్వు మారుస్తలేవు. నీకు చిటికెల పని. ఎందుకు మారుస్తలేవు?

సరే, ఇగ ఇను. నేను వాన్ని అడుగుత, నువ్వు గుడ్డోన్ని అడిగినట్టు. అడిగితె పోత అనే అంటడు. నువ్వు అనిపిస్తవ్. నాకు నమ్మకముంది.

అక్టోబర్ 29

పోనన్నడు.

అక్టోబర్ 30

నిన్న ఆ ఒక్క మాట కంటె ఎక్కువ రాయలేకపోయిన.

పొద్దు వాలుతుంటె వాడు అరుగు మీద మందు కొట్టే మిషన్ ఇప్పుకోని కూసున్నడు. నేను పోయి పక్కన కూసున్న.

"బిడ్డా, నీకేం గావాలె రా?"

నేను కన్నడంల మాట్లాడినట్టు నా మొఖం దిక్కు చూసిండు.

"నిజంగ అడుగుతున్నవా, ఒప్పియ్యనీకి అడుగుతున్నవా?"

"నిజంగనే."

వాడు మిషన్ పక్కకు పెట్టిండు. చేతులు తుడుచుకున్నడు. ఇగ పోత అనే అంటడు, దేవుడు పని చేస్తున్నడు అనుకున్న.

"పోనమ్మా" అన్నడు. "నాకు చేను గావాలె. దేవుడంటె ఇష్టం లేక గాదు. పొద్దుగాల చేన్ల నిలవడితె నాకు ఆయన ఎరుకనే. గని నువ్వు మొక్కిన మాట మీద పోయి, రేపు జనం ముంగట నిలవడి నన్ను ప్రభువు పిలిచిండు అని జెప్తె, అబద్ధమే గద? ఆయన పేరు మీద అబద్ధం ఎట్ల జెప్త? నిజంగ పిలిస్తె నేనే పోత. నువ్వు పంపాల్సిన పని లేదు."

నేను ఊకున్ననా? నోటికొచ్చినట్టు అన్న. దేవునికే ఎదురు పోతవా అన్న. నీళ్ళల్ల నుంచి నిన్ను ఇందుకే తీసిండా అన్న. కడుపుల దాసుకొని కాపాడిన అన్న. వాడు అన్ని ఇన్నడు. మా ఆయన వచ్చి గడప మీద కూసున్నడు. ఆయన మాట్లాడకపోవుడు ఎన్నడు చూడలే నేను.

అడగంది అమ్మైనా పెట్టదంటరు. ఇక్కడ అమ్మనే పోయి అడిగింది. బుద్ధి లేక అడిగింది.

నవంబర్ 1

శ్రవణ్ కుమార్ అయ్యగారికి జెప్పిన. పాపం, ఆయన మొఖం చిన్నగైంది. మన గుడి నుంచి పోయే మొదటి పిల్లగాడని అందరికి జెప్పుకున్నడట.

"అక్కా, పిల్లగాండ్లకు పోయేముందు గిట్ల బుగులైతది. నువ్వు గట్టిగ ఒక్క మాట అను. అరుణ్ నీ మాట దాటడు" అన్నడు.

దాటడు. అది నాకు ఎరుక. మాట గూడ అవసరం లేదు, నేను ఒక పూట అన్నం మానేసి గోడ దిక్కు తిరిగి పండుకుంటె చాలు, వాడే బస్సెక్కుతడు. ఇన్నేండ్లు వాన్ని పెంచినదాన్ని, ఏ తాడు గుంజితె ఎటు వస్తడో నాకు తెల్వదా?

ఇంత సులువైన పని నువ్వెందుకు చేస్తలేవు ప్రభువా? నీకు వాడు నాకంటె ఎక్కువ ఎరుక. నీ చేతుల ఎన్ని తాళ్ళున్నయి.

నవంబర్ 2, ఆదివారం

గుడికి పోయిన. మోకాళ్ళ మీద కూసున్న. నీ చిత్తం కానియ్యి అని మొదలుపెట్టిన, నడుమల ఆగిన. ఎప్పుడు గీ మాట అన్నా, ఆ చిత్తం ఏందో ఎనుకనే నేనే జెప్తుండె. ఇయ్యాల ఏం జెప్పాలెనో తెల్వలే. జనమంత పోయిందాంక కూసున్న.

నవంబర్ 3, సోమవారం

పిల్లలు పండుకున్నరు.

పొద్దుగాల లేసే వరకు వాడు తానం జేసి, తెల్ల అంగి ఏసుకోని, పెట్టె తలుపు కాడ పెట్టి నిలవడ్డడు. మా ఆయన వాకిట్ల ఉన్నడు. వనపర్తికి పోవాలంటె గద్వాల బస్సు దొరకబట్టాలె, టైము అయితుంది.

"నాకేం గావాల్నో జెప్పిన. ఇన్నవ్. నాకు గది చాలమ్మా" అన్నడు. "నీ మనసు కష్టపెట్టి చేను దున్నలేను. జెప్పు. పొమ్మంటె పోత."

నిజంగ పోతుండె. నవ్వుకుంట పోతుండె గూడ, వాని మొఖం చూస్తె తెలిసింది. పదహారేండ్ల సంది నేను గోరుకున్నది అంత నా నాలిక మీదికి వచ్చి నిలవడ్డది. పో బిడ్డ అంటె అయిపోయె. రెండే మాటలు.

ఊర్లె ఏమంటరు, సౌందర్య ఏమంటది, శ్రవణ్ కుమార్ అయ్యగారు ఎక్కడ మొఖం పెట్టుకుంటడు, అన్ని యాదికొచ్చినయి. మిద్దె యాదికొచ్చింది. ఆ మిద్దె మీద ఏమన్న మొక్కిన్నో లేదో, ప్రభువా, అది నీకే తెలవాలె. నాకు మాత్రం చలికి పండ్లు కొట్టుకున్న సప్పుడే యాదికుంది.

"బస్సు పోనియ్యి" అన్న. "ఆ చేను ఇంకెవలికి ఇయ్యకముందు పోయి అడుగు. అంగి ఇడిచి పో, తెల్లది, మరకలైతది."

వాడు కదలలే. మా ఆయన "పోరా" అని కేకేస్తె అప్పుడు కదిలిండు. పోతుంటె నా భుజం మీద చెయ్యేసి ఒక్కసారి అదిమిండు. వాని చెయ్యి ఎంత పెద్దగయిందో నేను చూడనే లేదు ఇన్ని దినాలు.

నీకు ఇచ్చిన, ఇచ్చిన అని అందరికి జెప్పుకున్న గాని వాన్ని నేనే పట్టుకున్న, ఇడువలే. ఇయ్యాల ఇడిచిన. ఇగ పిలుస్తవో పిలవవో నీ ఇష్టం, వస్తడో రాడో వాని ఇష్టం. నడుమ నేను లేను. ఏడుపు ఆగుతలేదు ప్రభువా, జర ఓర్చుకో.